ఇంటికొక లస్కరు

గోదావరి పశ్చిమ డెల్టాలో పుట్టి పెరిగినవారికి లస్కరు అనగా ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. లాకుల కడనో తూము కడనో నిలిచి, గేజి పలకపై నీటి మట్టమెంత యున్నదో చూచి, కావలసిన దానికంటె ఎక్కువ పారుచున్నచో తలుపును దించి, తక్కువైనచో ఎత్తువాడు లస్కరు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరము కడ ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట ఎంత గొప్పదైనను, విజ్జేశ్వరము కడ కాలువలోనికి మరలిన నీరు తణుకు చేలకు తగుమాత్రముగ అందుటకు ఇట్టి చిన్న ఉద్యోగుల చూపే ఆధారమైనది. ఆ చూపు తప్పిన రాత్రి ఒకచోట గట్టు తెగును, మరియొకచోట చివరి చేను ఎండును.

లస్కరు చేయు పనిని విడదీసి చూచినచో అందు మూడు అంగములు కానవచ్చును. గేజిని చూచునది కన్ను. ఉన్న మట్టమును ఉండవలసిన మట్టముతో పోల్చి నిర్ణయించునది బుద్ధి. తలుపును ఎత్తి దించునది చేయి. చేయి చేసిన పనికి ఫలమేమైనదో కన్ను మరల చూచును. బుద్ధి మరల తలచును. ఈ చక్రము తిరుగుచున్నంత కాలము కాలువకు క్షేమము. నేడు హోమ్ ఆటోమేషన్ అను పేర అంతట వినవచ్చుచున్న విద్య యొక్క మర్మమంతయు ఇంతియే. ఇంటిలోని యంత్రమునకు ఒక కన్నును, కొంచెము బుద్ధిని, ఒక చేతిని అమర్చి, మన పిలుపు లేకయే అది పని జరుపుకొనునట్లు చేయుటయే ఆ విద్య. సామాన్య కుటుంబము తక్కువ వెలగల సామగ్రితో అట్టి లస్కరును ఇంటిలో ఎట్లు నిలుపుకొనవచ్చునో, నిలుపునప్పుడు దేనికి జాగ్రత్తపడవలెనో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

మొదట సామగ్రి సంగతి. పాత రేడియో పెట్టె వెనుకతట్టు పలకను విప్పి చూచినవారికి లోపల ఎఱ్ఱగ వెలుగుచుండు గాజు వాల్వులు జ్ఞాపకముండును. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు పుట్టెను. ఆ పనికి బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1956లో నోబెల్ బహుమానము లభించెను. వాల్వు చేయు పనినే ట్రాన్సిస్టరు అంత వేడి లేకుండ, స్వల్పమైన కరెంటుతో చేసెను. తరువాత వేలు, లక్షల ట్రాన్సిస్టర్లను ఒక్క సిలికాన్ బిళ్లపై అమర్చు నేర్పు అలవడెను. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున విద్యార్థుల కొరకు ఆర్డుయినో అను చిన్న బోర్డు తయారయ్యెను. 2012లో ఇంగ్లండు నుండి రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు వెలువడెను. 2014లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థవారి ఈఎస్‌పీ 8266 అను బిళ్ల బజారుకు వచ్చెను. అది లెక్కలు వేయగలదు. వైఫై ద్వారా ఇంటిలోని ఫోనుతో మాటలాడగలదు. దానిని బిగించిన బోర్డు నేడు కొలది వందల రూపాయలకే దొరకుచున్నది. ఇంటి లస్కరుకు కావలసిన బుద్ధి అదియే. మనము వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. బోర్డు దానిని అలుపు లేక చదివి నడచుకొనును.

సామగ్రి చౌక కాగానే దానిని అన్నిటికిని తగిలించు ఉత్సాహము కలుగును. చప్పట్లు కొట్టినంతనే దీపము వెలుగుట, నోటిమాటతో పంకా తిరుగుట చూడ ముచ్చటగ నుండును గాని, వారము గడచిన పిమ్మట గోడ మీది స్విచ్చే సుఖమనిపించును. మరచినచో నష్టము కలిగించు పని ఏది కలదో, దానిని మొదట ఎన్నుకొనవలెను. తణుకు, తాడేపల్లిగూడెము, ఏలూరు వంటి ఊళ్లలో అట్టి పని డాబా డాబాకును కలదు. అది నీళ్ల ట్యాంకు. కుళాయి నీరు వేళ ప్రకారము వచ్చి సంపులో చేరును. సంపు నుండి మోటారు దానిని పైకి తోడును. మోటారు వేసి మరచినచో ట్యాంకు పొంగి వీధిలోనికి పారును. సంపు ఎండుట గమనింపనిచో మోటారు నీరు లేక తిరిగి, వేడెక్కి, మొదట సీలు చెడును, తుదకు వైండింగే కాలును. అంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగములు చేయుచుండగ ఇంట వృద్ధ దంపతులే మిగిలిన కుటుంబములు మన జిల్లాలలో పెక్కు. డెబ్బది యేండ్ల తల్లి, ట్యాంకు నిండినదో లేదో చూచుటకు తడి మెట్లెక్కి డాబా మీదికి పోవుచున్నది. కాలిన మోటారును మరల చుట్టించవచ్చును. ఆ మెట్లమీద జారి తుంటి యెముక విరిగిన ముదుసలిని మరల నడిపించుట అంత సులభము కాదు. ఇంటి లస్కరు చేయు మొదటి సేవ ఆ తల్లికి మెట్లెక్కు పని తప్పించుట.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. చేయి మాత్రముండి కన్ను లేని యంత్రము మేలుకంటె కీడే ఎక్కువ చేయును. ఆటోస్టార్టరు అందరికిని తెలిసిన వస్తువే. కరెంటు రాగానే అది పొలములోని మోటారును తనంత తానే నడుపును. అర్ధరాత్రి కరెంటు వచ్చు రోజులలో రైతునకు నిద్ర దక్కించినది అదియే. దానిని నిందింప పనిలేదు. కాని చేను తడిసినదో లేదో అది చూడదు. బోరులో నీరున్నదో లేదో ఎరుగదు. కరెంటు మరల వచ్చిన క్షణముననే ఊరి మోటారులన్నియు ఒక్కుమ్మడి కదలినచో ట్రాన్స్‌ఫార్మరు మీద మోయరాని బరువు పడును. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటలు విద్యుత్తు ఇయ్యనారంభించిన తరుణమున, భూగర్భ జలము వృథాగ తరుగకుండుటకై ఆటోస్టార్టర్లను తొలగింపవలసినదిగ రైతులను కోరవలసి వచ్చెను. పుణె నగరపు సంతోష్ ఓస్త్వాల్ అను ఇంజనీరు ఇదే కష్టమును వేరు విధమున తీర్ప యత్నించెను. ఆయన రూపొందించిన నానో గణేశ్ అను పరికరము మోటారు కడ కరెంటున్నదో లేదో రైతునకు సెల్‌ఫోనులో తెలిపి, ఇంటనుండియే మోటారును వేయుటకును ఆపుటకును వీలు కలిగించెను. రైతునకు చీకటిలో గట్లవెంట నడక తప్పెను. నిర్ణయము మాత్రము అతని యొద్దనే నిలిచెను.

కావున మన లస్కరుకు ముందుగ కన్నును అమర్చుదము. ట్యాంకులో వ్రేలాడదీయు ఫ్లోట్ స్విచ్ అన్నిటికంటె సులభమైనది. నీటితో పాటు తేలుచు పైకి లేచినప్పుడు లోపలి స్విచ్చు ఒక తీరున, దిగినప్పుడు మరియొక తీరున మారును. పై మట్టమున ఒకటి, క్రింది మట్టమున ఒకటి, సంపులో ఒకటి, మొత్తము మూడు చాలును. మట్టమెంత యున్నదో అంకెలలో కావలెనన్నచో గబ్బిలము వలె శబ్దమును పంపి ప్రతిధ్వనిని విను సెన్సారు కలదు. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, ఒక మీటరు లోతున నున్న నీటిని తాకి వచ్చుటకు సెకనులో వేయింట ఆరు వంతులు పట్టును. ఆ కాలమును కొలిచి బోర్డు దూరమును కట్టును. అయితే మూసిన ట్యాంకులోని ఆవిరి దాని ముఖముపై చెమ్మగ పేరును. తడికి ఓర్చు రకమునే కొనవలెను. నీటిలో వట్టి రాగితీగలు ముంచి మట్టమును కనిపెట్టు పద్ధతి చౌకయే గాని, ఎల్లప్పుడును ఒకే దిక్కున కరెంటు పారుటచేత తీగలు కొలది నెలలలోనే తినివేయబడును.

ఇక బుద్ధి. ప్రోగ్రాములో వ్రాయవలసిన ఆజ్ఞలు చాల కొలది. ట్యాంకు పాతికవంతుకు దిగినప్పుడు, సంపులో నీరున్నచో, మోటారు వేయుము. ట్యాంకు నిండవచ్చినప్పుడు ఆపుము. ఈ రెండు మట్టములకు నడుమ ఎడము తప్పక ఉండవలెను. ఒకే గీత వద్ద వేయుటయు ఆపుటయు పెట్టినచో, ఒక చెంబు నీరు వాడినంతనే మోటారు లేచును, మరల ఆగును. అట్లు మాటిమాటికి లేచి ఆగుటతో అది త్వరలో చెడును. మూడవ ఆజ్ఞ ఇది: మోటారు వేసిన ఐదు నిమిషములకును మట్టము పెరుగనిచో ఆపి గంట మ్రోగింపుము; నీరు పైకి ఎక్కుటలేదని అర్థము. ఇది మట్టమును అంకెలలో చూపు సెన్సారు ఉన్నచోటనే సాగును. నాలుగవది: ట్యాంకు నిండుటకు సామాన్యముగ 25 నిమిషములు పట్టుచున్నచో, ఏ కారణము చేతనైనను 40 నిమిషములు మించి నడువనీయకుము. కన్ను మోసపోయిన నాడు ఈ గడియారమే ఇంటిని కాపాడును. ఐదవది: కరెంటు పోయి వచ్చిన పిమ్మట కొన్ని నిమిషములు ఆగి మోటారు వేయుము. వీధిలో ప్రతి యిల్లును ఈ మర్యాద పాటించినచో ట్రాన్స్‌ఫార్మరు నిలుచును.

మూడవ అంగమైన చేయి దగ్గర మిక్కిలి మెలకువ వలయును. బోర్డు ఇచ్చు ఆజ్ఞ 3.3 వోల్టుల సన్నని కరెంటు. అది మోటారును కదల్పజాలదు. అది రిలే అను చిన్న విద్యుత్ స్విచ్చును కదల్చును. చాలమంది ఆ రిలే మీదుగనే మోటారును నడుపుదురు, అది తగదు. అర హార్సుపవరు మోటారు నడుచునప్పుడు మూడు ఆంపియర్లకు అటునిటుగ తీసికొన్నను, లేచు క్షణమున దానికి ఐదారు రెట్లు లాగును. చిన్న రిలే కొసలు ఆ దెబ్బకు కరగి అంటుకొనిపోవును. అంటుకొన్న రిలేకు ఆపుమని ఎన్ని సారులు చెప్పినను వినదు. కావున రిలే చేత కాంటాక్టరును, కాంటాక్టరు చేత మోటారును నడిపింపవలెను. మన యిండ్లలోని 230 వోల్టులు పొరపాటును మన్నింపవు. ఆ వైపు తీగల పని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను. తగిన ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే కరెంటును తెంచు ఆర్‌సీసీబీ, మంచి ఎర్తు, మూతగల పెట్టె, ఇవి లేనిచోట ఈ పని తలపెట్టకుండుటే మేలు. డాబా మీది ఫ్లోటు తీగలలో బోర్డునకు చెందిన స్వల్ప వోల్టులే పారవలెను. వానిని మోటారు తీగలతో ఒకే గొట్టములో దూర్పరాదు. పిల్లలు బోర్డును, ఫ్లోటును, ప్రోగ్రామును తమ చేతులతో సమకూర్చుకొని నేర్చుకొనవచ్చును. కాంటాక్టరు పెట్టెను మాత్రము వారిని తాకనీయరాదు.

ఇదంతయు సక్రమముగ పనిచేయునపుడు చూచి మురియుట కాదు పరీక్ష. చెడినప్పుడు ఏమి చేయునో చూచుటే పరీక్ష. ఎలుక తీగ కొరికినదనుకొందము. నిండిన ట్యాంకు వలయమును కలుపునట్లు ఫ్లోటును బిగించితిమేని, తెగిన తీగ ఎన్నడును నిండినట్లు చెప్పదు, మోటారు ఆగదు. నిండినప్పుడు వలయము తెగునట్లు బిగించితిమేని, తీగ తెగుటయు ట్యాంకు నిండుటయు బోర్డునకు ఒక్క తీరుననే తోచును, మోటారు ఆగిపోవును. నీరు రాని యిబ్బంది గంటలో తెలిసికొని సరిచేసికొనవచ్చును. సామాను అదియే, ఖర్చు అదియే. బిగించు తీరులోనే క్షేమమున్నది. అట్లే కరెంటు వచ్చి బోర్డు మేలుకొను క్షణమున దాని కాళ్లలో కొన్ని తమంత తామే ఆజ్ఞ పంపును. రిలేను అట్టి కాలికి తగిలింపరాదు. ప్రోగ్రాము ఎక్కడనైన చిక్కుకొన్నచో బోర్డు తానే మరల మేలుకొనునట్లు ఏర్పాటుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, గోడమీద పాత స్విచ్చును తీసివేయరాదు. ఆటో, చేయి అను రెండు గుర్తులు తెలుగులో వ్రాసిన మీట నొకదానిని పెట్టి, ఏ యంత్రము చెడినను ఇంటి యిల్లాలు ఒక్క త్రిప్పుతో పాత పద్ధతికి మరలునట్లుండవలెను.

ఈ బుద్ధి ఎచ్చట నివసించవలెనన్నది తరువాతి ప్రశ్న. బజారులో అమ్ము పరికరములు పెక్కు, ఇంటిలో బిగింపబడినను, ఎచ్చటనో దూరదేశమున నున్న కంప్యూటరును అడిగి గాని మన దీపమును వెలిగింపవు. ఇంటర్నెట్ లేనినాడు అవి మూగవగును. ఆ సంస్థ తలుపు మూసిననాడు అవి చచ్చును. అమెరికాలో రివాల్వ్ అను పరికరమును కొన్నవారికి 2016 మే నెలలో ఇట్లే జరిగినది. దానిని చేజిక్కించుకొన్న సంస్థ సర్వరును ఆపివేయగ ఆ పెట్టెలు పనికిమాలినవైనవి. 2022 ఏప్రిలులో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు హఠాత్తుగ ఆగిపోయి వాడుకరులు దిక్కుతోచక నిలిచిరి. ఆనకట్ట మీద నున్న ఆఫీసరు నడిగి గాని లస్కరు తలుపు తాకరాదన్నచో వరదనాడు గట్టు నిలుచునా? మట్టము చూచుట, మోటారు ఆపుట అను పనులు బోర్డు తనంత తానే చేయవలెను. ఫోనులో చూపు మాట అదనపు సౌకర్యము మాత్రమే. పెక్కు పరికరములున్న యింట రాస్ప్‌బెర్రీ పై మీద హోమ్ అసిస్టెంట్ అను ఉచిత ప్రోగ్రామును నడుపుకొన్నచో ఇంటి లెక్క ఇంటిలోనే నిలుచును. పరికరముతో వచ్చిన సంకేత పదమును మొదటి దినముననే మార్చవలెను. అట్లు మార్చని లక్షలాది చిన్న పరికరములను, ముఖ్యముగ కెమెరాలను, మిరాయి అను దొంగ ప్రోగ్రాము లోబరచుకొన్నది. 2016 అక్టోబరు 21న వానితో జరిపిన దాడిలో అమెరికాలో పేరుగాంచిన వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందలేదు.

ట్యాంకు మీద నేర్చిన పాఠమును కొల్లేటి చుట్టుపట్ల చెరువుగట్టు మీదికి కొనిపోయినచో దాని విలువ ఇంకను తెలియును. కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతములలో చేపలు, రొయ్యలు పెంచు కుటుంబములకు చెరువే ఇల్లు. 2009లో వనామీ రొయ్యకు మన దేశమున అనుమతి లభించిన పిమ్మట, చెరువులో దట్టముగ రొయ్యలను పెంచి, ఏరియేటర్లు త్రిప్పి, వానికి ఊపిరి అందించు పద్ధతి వ్యాపించెను. పగలు నీటిలోని పచ్చని నాచు సూర్యరశ్మితో ప్రాణవాయువును పుట్టించును. రాత్రి అదే నాచు, రొయ్యలతో పాటు దానిని పీల్చివేయును. అందుచేత తెల్లవారుజామునకు ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగ నుండును. ఆ వేళ ఏరియేటర్లు ఆగి ఎవరును గమనింపనిచో నెలల కష్టము కొలది గంటలలో తేలిపోవును. కావలివాని కునుకు మీద ఒక కుటుంబపు అప్పు తీరుటయు తీరకుండుటయు ఆధారపడియుండును.

ఇచ్చట చౌక బోర్డు ఏమి చేయగలదు? ప్రాణవాయువును కొలుచు మంచి సెన్సారు ప్రియము. దాని ముఖమును తరచుగ తుడువవలెను. కాని అంత దూరము పోకముందే చేయదగిన పని ఒకటి కలదు. ఏరియేటరు తీగచుట్టు కరెంటు పసిగట్టు కడియమువంటి సెన్సారును తొడిగినచో, స్విచ్చు వేసియున్నదా అనునది కాదు, మోటారులో కరెంటు నిజముగ పారుచున్నదా అనునది తెలియును. మూడు ఫేజులలో ఒకటి పోయినను తెలియును. బోర్డునకు చిన్న బ్యాటరీ కట్టి, పెద్ద గంటను, రైతు ఫోనును మ్రోగింపజేసినచో, కరెంటు పోయిన నిమిషముననే నిద్రలేచి జనరేటరు వేయవచ్చును. బ్యాటరీ చచ్చిననాడు ఆ బోర్డు మౌనముగ నుండును. మౌనమును క్షేమమని భ్రమపడు భయమున్నది. కావున ప్రతి సాయంకాలము ఏరియేటరును ఒక్కసారి ఆపి, గంట మ్రోగుచున్నదో లేదో విని పడుకొనుట నియమముగ పెట్టుకొనవలెను. ఈ లస్కరు కావలివానిని తొలగించునది కాదు, అతనికి తోడు నిలుచునది.

అన్ని పనులకును ఇంటి తయారీ తగదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకైనచో నేలను పట్టి వ్యాపించును. దానిని పసిగట్టు చౌక సెన్సార్లు దొరకును గాని, వానిని నమ్మి నిశ్చింతగ నిద్రించుట సాహసము. ప్రాణముతో ముడిపడిన అట్టి పనికి, ప్రమాణముల ప్రకారము పరీక్షింపబడిన పరికరమునే కొనవలెను. వీధి తలుపు తాళము కూడ అంతే. పెద్దవారు రాత్రి లేచినప్పుడు కదలికను చూచి స్నానాలగది దారిలో వెలుగు చిన్న దీపము వంటిది నిరపాయము; అది చెడినను పాత స్విచ్చు ఉండనే ఉన్నది.

తలపెట్టువారు ఒక్క ట్యాంకుతో ఆరంభింతురు గాక. మొదటి నెల మోటారు కలుపక, బోర్డు ఇచ్చు నిర్ణయములను ఒక చిన్న దీపముతో చూచుచు, తాము చేయు నిర్ణయములతో పోల్చుకొందురు గాక. రెండును కలిసిన పిమ్మటనే దానికి చేతిని ఇయ్యవలెను. పెట్టె తలుపు లోపల ఏ తీగ ఎచ్చటిదో, ప్రోగ్రాము ఎచ్చట భద్రపరచబడినదో తెలుగున వ్రాసి అంటింపవలెను. చేసిన కుమారుడు ఉద్యోగము నిమిత్తము ఊరు విడిచిపోవచ్చును. మరునాడు చెడినచో వీధి చివరి ఎలక్ట్రీషియను ఆ కాగితము చూచి బాగుచేయగలుగవలెను. ఇంటిలో దాని మర్మము తెలిసినవారు కనీసము ఇద్దరుండవలెను. దానిని ఆపుట మాత్రము అందరికిని తెలిసియుండవలెను. ఇంతమాత్రము జాగ్రత్త వహించినచో, ఒక మంచి చీర వెల పాటి ఖర్చుతో, డాబా మెట్లెక్కు శ్రమ ఒక తల్లికి తప్పును, వీధిలో పారు నీరు నిలుచును, ఆ పని చేసిన విద్యార్థికి పుస్తకములోని శాస్త్రము చేతికి వచ్చును.